టెలివిజనుకు విద్యుత్తు పోటు నుండి రక్షణ

1975వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీ మొదలు ఒక సంవత్సరకాలము, ఉపగ్రహము ద్వారా గ్రామములకు టెలివిజను కార్యక్రమములు అందించు ప్రయోగము మన దేశమున జరిగినది. ఆరు రాష్ట్రములలో ఎన్నిక చేయబడిన సుమారు 2,400 గ్రామములలో ఆంధ్రప్రదేశ్ గ్రామములును ఉండినవి. అప్పుడు ఊరంతటికిని ఒకటే టెలివిజను. నేడు పెక్కు ఇండ్లలో గోడ వెడల్పున టెలివిజను, దాని ప్రక్క ఆంప్లిఫైయరు, సౌండు పెట్టెలు, డాబాపై డిష్షు అమరినవి. అన్నింటిని కలిపి హోమ్ థియేటర్ అనుచున్నారు. పంచాయతీ కార్యాలయములకును, పాఠశాలలకును ఇట్టి సామగ్రియే వచ్చి చేరినది. ఉరుములతో కూడిన ఒక్క సాయంకాలమున ఇదంతయు పనికిరాకుండ పోవచ్చును. కనుక దీనిని కాపాడుటకు బజారులో ఏ పెట్టె కొనవలెనను ప్రశ్న సహజముగా పుట్టును. పెట్టె కంటె ముందుగా చూడవలసినది వేరొకటి ఉన్నదని ఈ వ్యాసమున మేము మనవి చేయదలచితిమి.

ఇండ్లకు వచ్చు విద్యుత్తు ఒత్తిడి 230 వోల్టులు. పిడుగు లైను మీద గాని, లైనుకు దగ్గరగా నేల మీద గాని పడినపుడు ఆ తీగలలో వేల వోల్టుల ఒత్తిడి పుట్టి, సెకనులో పదిలక్షల వంతులతో కొలువదగిన స్వల్పకాలములో ఇంటిలోనికి దూకును. దీనినే పోటు అనుచున్నాము. సముద్రతీర గ్రామముల వారికి ఈ మాట క్రొత్త కాదు. అయితే సముద్రపు పోటు గంటల తరబడి సాగును, ఇది రెప్పపాటుకు ముందే వచ్చి పోవును. పిడుగు లేకున్నను, పోయిన కరెంటు మరల వచ్చునపుడును, పెద్ద మోటార్లు ఆగునపుడును చిన్న పోటులు కలుగుచుండును. మన ప్రాంతమున పిడుగులకు కొదువ లేదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు పడినట్లు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వెల్లడించినది.

ఇచ్చట ఒక భ్రమను తొలగించుట అవసరము. స్టెబిలైజరు ఉన్నది గదా, ఇక భయమేమి అని పలువురు తలంతురు. స్టెబిలైజరు పని వేరు. 180 వోల్టులకు దిగిన విద్యుత్తును పైకెత్తుట, 260కి పెరిగినదానిని దించుట దాని పని. అది కదలుటకు పట్టు కాలములో పోటు వచ్చి, టెలివిజనును కాల్చి, వెడలిపోయియుండును. అట్లే పోటును ఆపు పెట్టె హెచ్చుతగ్గులను సవరింపజాలదు. మూడవ ప్రమాదము మరియొకటి కలదు. ట్రాన్స్‌ఫార్మరు వద్ద గాని స్తంభము మీద గాని న్యూట్రల్ తీగ తెగినచో కొన్ని ఇండ్లకు 230 వోల్టులకు బదులు 400 వోల్టుల దాపుగా రావచ్చును. ఇది క్షణకాలపు పోటు కాదు, నిలిచియుండు ఒత్తిడి. దీనికెదురుగా పోటును ఆపు పెట్టె నిలువలేక తానే కాలిపోవును. హద్దు మీరిన వోల్టేజి వచ్చినపుడు కరెంటును విడగొట్టు వేరొక సాధనమును మీటరు బోర్డు వద్ద అమర్చుకొనవలెను.

ఇక పోటును ఆపు పెట్టె ఎట్లు పనిచేయునో చూతము. దాని లోపల జింకు ఆక్సైడుతో చేసిన చిన్న బిళ్లలు ఉండును. మామూలు ఒత్తిడి ఉన్నంతవరకు వీనిగుండా విద్యుత్తు పోదు. ఒత్తిడి హద్దు దాటిన తక్షణమే అవి దారి తెరచి, పోటును ఎర్తు తీగలోనికి మళ్లించి, మరల మూసికొనును. చెరువునకు కలుజు వంటిదని చెప్పవచ్చును. అయితే కలుజు దాటిన నీరు పోవుటకు వాగు ఉండవలెను గదా! ఆ వాగే ఎర్తు. ఎర్తు లేనిచో, ఫేజు న్యూట్రల్ తీగల నడుమ వచ్చు పోటును మాత్రమే బిళ్ల కొంత తగ్గించగలదు. రెండు తీగల మీదను ఒక్కసారిగా వచ్చు పోటును పంపుటకు దానికి చోటుండదు. అపుడు రెండు వేల రూపాయల పెట్టెయు రెండు వందల రూపాయల బోర్డుతో సమానము.

గ్రామములలో ఎర్తు స్థితి ఏమి? పెక్కు ఇండ్లలో ప్లగ్గునకు మూడు రంధ్రములు కనబడును గాని, పై రంధ్రము వెనుక తీగయే ఉండదు. కొన్నిచోట్ల తీగను కుళాయి గొట్టమునకు చుట్టియుందురు. ఇనుప గొట్టముల కాలమున అది కొంత నడిచినది; ప్లాస్టిక్ గొట్టమునకు కట్టిన ఎర్తు, పందిరి గుంజకు కట్టిన ఎర్తు ఒకటియే. భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 3043 ఎర్తు విధానమును వివరించుచున్నది. దాని ప్రకారము గాల్వనైజు చేసిన ఇనుప గొట్టమైనచో లోపలి వ్యాసము 38 మిల్లీమీటర్లకును, పొడవు రెండున్నర మీటర్లకును తగ్గరాదు. గొట్టము చుట్టును బొగ్గు, ఉప్పు పొరలుగా వేయుట మన వైర్‌మెన్‌లకు తెలిసినదే. వేసవిలో గుంట ఎండిపోయినచో ఎర్తు బలహీనపడును. దురదృష్టవశమున పిడుగుల కాలము ఆ వేసవి చివరనే మొదలగును! కనుక ఏప్రిల్ నాటికే గుంటలో నీరు పోయుట మొదలిడవలెను. వైర్‌మన్ చేత ఎర్తు మెగ్గరుతో కొలిపించినపుడు 5 ఓములకు లోపల ఉన్నచో తృప్తిపడవచ్చును.

హోమ్ థియేటర్ విషయమున ఇంకొక చిక్కు కలదు. దానికి తీగలు ఒక్క దారిన రావు. కరెంటు ఒక దారి, డిష్షు కేబులు మరియొక దారి, కొన్ని ఇండ్లలో ఇంటర్నెట్టు తీగ వేరొక దారి. కరెంటు దారికి మాత్రము కాపలా పెట్టి, డిష్షు కేబులును విడిచినచో పోటు డాబా మీదినుండి దిగి, సెట్‌టాప్ బాక్సు గుండా టెలివిజనులోనికిని, అచ్చటనుండి ఆంప్లిఫైయరులోనికిని పోవును. ముందు వాకిట తాళము వేసి పెరటి తలుపు తెరచియుంచినట్లే. కేబులు తీగకు తగిన రక్షణ గల పెట్టెను తీసికొని, అన్ని తీగలను ఆ ఒక్కచోటి గుండానే సామగ్రికి చేర్చుట ఉత్తమము. డిష్షు స్తంభమునకు వేరుగా ఒక కడ్డీ పాతి ఊరకుండుట కూడదు. రెండు ఎర్తుల నడుమ వేల వోల్టుల తేడా వచ్చి, అది సామగ్రి గుండానే ప్రవహించును. ఆ కడ్డీని ఇంటి ఎర్తుతో లావైన తీగచే కలుపవలెను. గాజు ఫైబరు కేబులులో విద్యుత్తు పోదు గనుక ఆ దారిన భయము తక్కువ. అయినను దానిని మోయుటకై ఉక్కు తీగ ఉన్నచో అది ఇంటిలోనికి రాకుండ చూడవలెను.

ఎర్తు కుదిరిన పిమ్మటనే పెట్టె మాట. మీటరు దగ్గర బోర్డులో రెండవ తరగతి రక్షణ సాధనమును, టెలివిజను వద్ద మూడవ తరగతి దానిని పెట్టుట మంచి పద్ధతి. భవనముపై పిడుగు కడ్డీ ఉన్నచో మొదటి తరగతిది అవసరము. బోర్డులో అమర్చునపుడు దానికి కలుపు తీగల మొత్తము పొడవు అర మీటరు మించరాదు. తీగ పొడవైన కొలది రక్షణ సన్నగిల్లును. స్పైక్ గార్డు అను పేరుతో అమ్ముడగు బోర్డులు కొన్నింటిలో స్విచ్చి, ఫ్యూజు తప్ప మరేమియు ఉండదు. పేరును నమ్మరాదు, ముద్రించిన అంకెలను చదువవలెను. ఐ.ఇ.సి. 61643 ప్రమాణము పేర్కొనబడినదా, యు.పి. అను గుర్తు వద్ద ఉన్న అంకె 1.5 కిలోవోల్టులకు మించకున్నదా అని చూడవలెను. యు.సి. అను చోట 275 వోల్టులు సాధారణము. రాత్రివేళ వోల్టేజి మిక్కిలి పెరుగు ఊళ్లలో 320 వోల్టులది మేలు. జౌళ్ల సంఖ్య ఎక్కువైన కొలది ఎక్కువ కాలము మన్నును. పోటు తగిలినప్పుడెల్ల బిళ్ల కొంత అరుగును గనుక, అది పనిచేయుచున్నదని తెలుపు దీపము తప్పక ఉండవలెను. దీపము ఆరిన పిమ్మట కూడ బోర్డు కరెంటు నిచ్చుచునే యుండును. రక్షణ మాత్రము ఉండదు. ఇది తెలియక మోసపోవుట కద్దు.

ఏ పెట్టెయు నేరుగా ఇంటి మీద పడిన పిడుగును సంపూర్ణముగా ఆపజాలదు. ప్లగ్గును, డిష్షు కేబులును రెంటిని ఊడదీయుటయే అన్నింటికంటె గట్టి రక్షణ. దానికి ఖర్చును లేదు. అయితే ఇది ఉరుములకు ముందు చేయవలసిన పని. మెరుపు కనబడిన 30 సెకనుల లోపల ఉరుము వినబడినచో పిడుగు 10 కిలోమీటర్ల లోపలనే ఉన్నదని గ్రహింపవలెను. అపుడు తీగలను ముట్టరాదు. వస్తువు పోయిన మరల కొనవచ్చును. పూణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన దామిని అను సెల్‌ఫోను సాధనము పిడుగుల హెచ్చరికలను తెలుపుచున్నది.

పంచాయతీ సభ్యులు తమ ఇంటి వరకే గాక చూడవలసినదియు కొంత కలదు. ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె వద్ద ఎర్తు తీగలు తెగియున్నను, దొంగిలింపబడినను, న్యూట్రల్ అతుకు నిప్పురవ్వలు రాల్చుచున్నను 1912 నంబరుకు తెలిపి, ఫిర్యాదు సంఖ్యను వ్రాసి ఉంచుకొనవలెను. ఆ ఒక్క అతుకు క్రింద ఎన్నో ఇండ్లు ఉండును. పంచాయతీకి టెలివిజను గాని కంప్యూటరు గాని కొనుటకు తీర్మానము చేయునపుడు, ఎర్తు గుంటకును, రక్షణ సాధనమునకును అయ్యెడి ఖర్చును ఆ అంచనాలోనే చేర్చవలెను. తరువాత వేరుగా అడిగినచో అది సంవత్సరముల తరబడి వాయిదా పడును. సామగ్రి రిజిస్టరులో పెట్టె కొన్న తేదీ, ఎర్తు కొలిచిన తేదీ, వచ్చిన ఓములు వ్రాసియుంచి, ప్రతి సంవత్సరము మార్చి నెలలో మరల కొలిపించవలెను.