గోడ కట్టనివ్వని మందు

పెన్సిలిన్ బాక్టీరియాను చంపుతుంది కానీ మన కణాలను చంపదు. రెండూ ప్రాణమున్న కణాలే కదా! మరి ఆ మందుకు తేడా ఎలా తెలుస్తుంది? పిల్లలూ, సైన్సు తరగతిలో ఇంగ్లీషులో వినే ఈ సంగతిని ఈసారి తెలుగులో చెప్పుకుందాం.

మన కణానికి బయటి హద్దు పల్చని కణత్వచం. చాలా రకాల బాక్టీరియాకు త్వచంతో పాటు గట్టి కణకవచం కూడా ఉంటుంది. బాక్టీరియా లోపల లవణాలు, ప్రోటీన్లు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి బయటి నీరు లోపలికి వస్తూ ఉంటుంది. ఆ ఒత్తిడికి కణం పగిలిపోకుండా కాపాడేది కవచమే.

పడుగు, పేక

కవచం పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో తయారవుతుంది. దాని అల్లికను చేనేత బట్టతో పోల్చవచ్చు. మగ్గం మీద పొడవునా సాగే దారాలు పడుగు, అడ్డంగా వెళ్ళేవి పేక. కవచంలో చక్కెర అణువుల గొలుసులు పడుగు లాంటివి. వాటిని ఒకదానితో ఒకటి బిగించే చిన్న పెప్టైడ్ ముక్కలు పేక లాంటివి. పేక లేకపోతే పడుగు విడివిడి దారాలే, బట్ట కాదు.

ఇక్కడ నేతగాడు ట్రాన్స్‌పెప్టిడేజ్ అనే ఎంజైమ్. పెప్టైడ్ కొసన రెండు అలనిన్‌లు ఉంటాయి. ఎంజైమ్ ఆ కొసను పట్టుకుని, చివరి అలనిన్‌ను తీసేసి, మిగిలినదాన్ని పక్క గొలుసుకు ముడివేస్తుంది. పెన్సిలిన్ అణువు ఆకారం ఆ కొసను పోలి ఉంటుంది. ఎంజైమ్ మోసపోయి దాన్ని పట్టుకుంటుంది. వెంటనే పెన్సిలిన్‌లోని బీటా లాక్టమ్ వలయం తెరుచుకుని ఎంజైమ్‌కు అతుక్కుపోతుంది. నేతగాడి చేతులు కట్టేసినట్టే!

బాక్టీరియా పెరగాలంటే పాత కవచాన్ని అక్కడక్కడ కత్తిరించి కొత్త అల్లిక చేర్చాలి. ముడివేసే పని ఆగినా కత్తిరింపు సాగుతూనే ఉంటుంది. కవచం బలహీనపడి చివరికి కణం పగిలిపోతుంది. అందుకే ఈ మందు ముఖ్యంగా పెరుగుతున్న బాక్టీరియా మీద పనిచేస్తుంది.

మన కణాలకు ఈ కవచం లేదు, కాబట్టి ఆపడానికి నేతపనీ లేదు. వైరస్‌కూ లేదు, కాబట్టి మామూలు జలుబుకు పెన్సిలిన్ దండగ. అన్ని యాంటీబయాటిక్‌లూ గోడనే దెబ్బతీయవు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ పరిశోధనశాల నుంచి 1948లో వెలువడిన ఆరియోమైసిన్, బాక్టీరియాలో ప్రోటీన్ల తయారీని ఆపుతుంది.

మందు చాలని రోజులు

1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక బూజు చుట్టూ బాక్టీరియా నశించడం గమనించారు. ఆ బూజు నుంచి మందును వేరుచేసి వైద్యానికి పనికివచ్చేలా చేసింది ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్‌ల బృందం. 1941లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు ఆ మందు ఇస్తే కోలుకోసాగారు. మందు చాలక ఆయన మూత్రం నుంచి కూడా దాన్ని తీసి మళ్ళీ ఎక్కించారు. చివరికి నిల్వ అయిపోయింది, ఆయన బతకలేదు.

ఆనాడు మందు లేక ప్రాణం పోయింది. ఈనాడు మందు ఉండి కూడా పనిచేయకపోవడం మన సమస్య. కొన్ని బాక్టీరియా బీటా లాక్టమేజ్ అనే ఎంజైమ్‌తో పెన్సిలిన్ వలయాన్ని ముందే విరిచేస్తాయి. మనం అవసరం లేకుండా మందు వాడిన ప్రతిసారీ మామూలు బాక్టీరియా చచ్చి, ఇలాంటి మొండివి మిగిలి పెరిగే అవకాశం ఉంది. దీన్నే నిరోధకత అంటారు.

బదిలీల ఇళ్ళలో పిల్లలు గుర్తుంచుకోవలసినవి రెండున్నాయి. సామానుతో పాటు ఊరూరా తిరిగే మందుల డబ్బాలో మిగిలిపోయిన యాంటీబయాటిక్‌లను సొంతంగా వేసుకోకూడదు. డాక్టరు రాసిన మందును చెప్పినన్ని రోజులు వాడాలి. రెండోది, కొందరికి పెన్సిలిన్ పడదు, అది ప్రాణం మీదికి రావచ్చు. కొత్త ఊరి డాక్టరుకు మీ సంగతి తెలియదు, మీరే ముందుగా చెప్పాలి.

ఆలోచించండి

1. మైకోప్లాస్మా అనే బాక్టీరియాకు కణకవచం ఉండదు. దాని మీద పెన్సిలిన్ పనిచేస్తుందా? ఎందుకు?
2. పెరగకుండా నిద్రాణంగా ఉన్న బాక్టీరియా పెన్సిలిన్‌కు ఎందుకు తేలికగా లొంగదు?
3. మీరు ఇప్పుడున్న రాష్ట్రపు భాషలో పడుగు, పేకలను ఏమంటారో మీ స్నేహితులను అడిగి తెలుసుకోండి.