బ్యాక్‌ఫైర్ గుట్టు పట్టగలిగితే ఉపాధికి ఢోకా లేదు

సిలిండర్‌లో కాలాల్సిన పెట్రోలు ఇన్‌టేక్ గొట్టంలోనో సైలెన్సర్‌లోనో అంటుకుంటే వచ్చే పేలుడునే బ్యాక్‌ఫైర్ అంటారు. చప్పుడు ఒకటే అయినా కారణాలు డజను ఉంటాయి. ఒక్కో పార్టూ మార్చి చూస్తూ పోతే యజమాని జేబుకు చిల్లు తప్ప లోపం దొరకదు. వరుసగా పరీక్షించి అసలు కారణం తేల్చగలవాడే షెడ్డులో నిలబడతాడు.

చప్పుడు ఎటు నుంచి?

మొదట తేల్చాల్సింది ఇదే. ఎయిర్ ఫిల్టర్ వైపు పేలితే పెట్రోలు పాలు తగ్గి గాలి ఎక్కువైందని మొదటి అనుమానం. వాక్యూమ్ పైపు చిరగడం, ఇంజెక్టర్ మూసుకుపోవడం, పెట్రోలు పంపు ఒత్తిడి పడిపోవడం ఇందుకు దారితీస్తాయి. ఇన్‌టేక్ వాల్వ్ సరిగా మూసుకోకపోయినా, టైమింగ్ బెల్ట్ పన్ను జారినా మంట వెనక్కి తన్నుతుంది. సీఎన్‌జీ బండ్లలో ఈ దెబ్బకు ఫిల్టర్ డబ్బా పగిలిపోవడమూ ఉంది.

సైలెన్సర్ వైపు పేలితే కాలని పెట్రోలు అక్కడిదాకా వచ్చినట్టు. ప్లగ్ లేదా కాయిల్ మిస్ కావడం, ఇంజెక్టర్ కారడం, ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోవడం ఇక్కడ ప్రధాన కారణాలు. యాక్సిలరేటర్ వదిలినప్పుడే టపటపమంటే ఎగ్జాస్ట్ జాయింట్లలో లీకు వెతకాలి. కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మితిమీరి వేడెక్కించి పాడుచేస్తుంది. కాబట్టి ఇలాంటి బండిని అలాగే నడపనివ్వకూడదు.

పరీక్షల వరుస

ఖర్చు లేనివి ముందు, ఇంజన్ విప్పాల్సినవి చివర. మొదట స్కానర్‌తో కోడ్ చదవాలి. పి0300 అంటే పలు సిలిండర్లలో మిస్‌ఫైర్, పి0171 అంటే పెట్రోలు పాలు తక్కువ, పి0172 అంటే ఎక్కువ. పెట్రోలు ఇంజన్‌లో 1 పాలు ఇంధనానికి 14.7 పాళ్ల గాలి (బరువులో) సరైన లెక్క. తర్వాత ప్లగ్‌లు విప్పి చూడాలి. లేత గోధుమ రంగు మంచిది. తెల్లగా పాలిపోతే పెట్రోలు చాలలేదని, నల్లటి మసి పట్టి ఉంటే ఎక్కువైందని అనుమానించాలి.

కోడ్ పి0303 వచ్చిందంటే మూడో సిలిండర్ మిస్ అవుతోంది. దాని కాయిల్‌ను రెండో సిలిండర్‌కు, రెండో దాన్ని మూడుకు బిగించి బండి నడపాలి. కోడ్ పి0302కు మారితే తప్పు కాయిల్‌దే. మారకపోతే ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ వరుసగా చూడాలి. ఒక్క రూపాయి పార్టు కొనకుండానే సగం సంగతి తేలిపోతుంది. వాల్వ్ టైమింగ్ పరీక్ష ఆఖరున.

చదువు

పదో తరగతి పాసైనవారు ఐటీఐలో 2 ఏళ్ల మెకానిక్ మోటర్ వెహికల్ ట్రేడులో చేరవచ్చు. పూర్తయ్యాక అప్రెంటిస్ చట్టం-1961 కింద కంపెనీల్లో స్టైపెండ్‌తో శిక్షణ పొందవచ్చు. పదో తరగతితోనే 3 ఏళ్ల ఆటోమొబైల్ డిప్లొమా మరో దారి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక బండ్లలో సెన్సర్ల పని పెరిగింది. రెంచితో పాటు మల్టీమీటర్ పట్టడం కూడా నేర్వాలి.

రాయచూరు జిల్లా వారికి

తుంగభద్ర కాలువ నీళ్లొచ్చాక తెలుగు రైతు కుటుంబాలు ఈ జిల్లాలో క్యాంపులు కట్టుకుని స్థిరపడ్డాయి. కవితాళ వంటి ఊళ్లలో పుట్టినవారికి, స్థిర నివాసం ఉన్నవారికి రాజ్యాంగంలోని 371-జె అధికరణం కింద కల్యాణ కర్ణాటక విద్యాసంస్థల్లో, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఉంది. అర్హతా పత్రాన్ని ముందే తీసుకుని పెట్టుకోవాలి. కారు కంపెనీల సర్వీస్ సెంటర్లతో పాటు కలబురగి కేంద్రంగా నడిచే కల్యాణ కర్ణాటక రోడ్డు రవాణా సంస్థ ప్రకటనలనూ గమనిస్తుండాలి.

సొంత షెడ్డు పెట్టేవారికి స్కానర్, కంప్రెషన్ గేజ్, పెట్రోలు ప్రెషర్ గేజ్, మల్టీమీటర్ తొలి సరంజామా. ముద్రా పథకంలోని శిశు విభాగం కింద 50,000 రూపాయల దాకా తనఖా లేకుండా రుణం తీసుకోవచ్చు.