ఇంగ్లండ్‌లో అద్దె ఇల్లు అడిగే తీరు

‘టూ బీహెచ్‌కే కావాలి’ అంటే ఇంగ్లండ్ ఏజెంటుకు అర్థం కాదు. ‘టూ బెడ్ ఫ్లాట్’ అనండి. అక్కడ లెక్క పడకగదులదే. పడక, వంట ఒకే గదిలో ఉండి, బాత్రూమ్ సొంతంగా ఉంటే ‘స్టూడియో’. ‘బెడ్‌సిట్’ అంటే మాత్రం బాత్రూమ్ సాధారణంగా ఉమ్మడి.

మన ఇండిపెండెంట్ హౌస్‌ను అక్కడ ‘డిటాచ్డ్’ అంటారు. ఒకవైపు గోడ పక్కింటితో కలిస్తే ‘సెమీ’, వరసలో రెండువైపులా కలిస్తే ‘టెరస్డ్’. పేరు చూసి పైన డాబా ఉంటుందనీ, వడియాలు పెట్టుకోవచ్చనీ ఆశపడకండి. ఇల్లు స్టేషన్ వెనక ఉందని చెప్పాలంటే ‘బిహైండ్ ద స్టేషన్’ అనండి. ‘బ్యాక్‌సైడ్’ అంటే వాళ్లకు పిరుదులు!

ప్రకటనలో అద్దె పక్కన ‘పీడబ్ల్యూ’ ఉంటే వారానికి, ‘పీసీఎం’ ఉంటే నెలకు. వారానికి 150 పౌండ్లంటే నెలకు 600 కాదు, 650. వారం అద్దెను 52తో హెచ్చవేసి 12తో భాగించాలి. ‘బిల్స్ ఇంక్లూడెడ్’ అని ఉంటే కౌన్సిల్ ట్యాక్స్ కూడా అందులోదేనా అని అడగండి. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే ఆ పన్ను ఉండదు. ఉద్యోగం చేసేవాళ్లు ఒక్కరు చేరినా బిల్లు వస్తుంది, కాకపోతే 25 శాతం తగ్గింపు అడగవచ్చు.

అడ్వాన్సు విషయంలో 2019 చట్టం మీకు అండ. ఇల్లు వేరేవాళ్లకు ఇవ్వకుండా ఆపడానికి కట్టే ‘హోల్డింగ్ డిపాజిట్’ ఒక వారం అద్దె దాటకూడదు. ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపైతే అసలు డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించకూడదు. సాధారణ అద్దె ఒప్పందాల్లో ఓనరు ఆ సొమ్మును 30 రోజుల్లో ప్రభుత్వ ఆమోదమున్న స్కీములో భద్రపరచాలి. ఏ స్కీమో రాతపూర్వకంగా తీసుకోండి.

ఏజెంటుకు పెట్టే మెసేజ్‌లో ఎవరెవరుంటారు, ఏం చేస్తారు, ఎప్పటినుంచి కావాలి అన్నవి ఉంటే చాలు: ‘వుయ్ ఆర్ టూ షేరర్స్, బోత్ ఫుల్‌టైమ్ స్టూడెంట్స్, మూవింగ్ ఇన్ సెప్టెంబర్.’ ‘షేరర్స్’ అంటే కలిసి ఉండే స్నేహితులు. భార్యాభర్తలైతే ‘ఎ కపుల్’.

ఇద్దరమని చెప్పి దిగి, తర్వాత ఊరివాళ్లని ఇంకో ఇద్దరిని చేర్చుకోకండి. ఒకే కుటుంబం కానివాళ్లు ముగ్గురు ఒక వంటిల్లు వాడుకుంటే ఆ ఇల్లు ‘హెచ్ఎంఓ’ (వేర్వేరు కుటుంబాలవాళ్లు పంచుకునే ఇల్లు) కిందకు రావచ్చు. ఐదుగురైతే ఓనరుకు లైసెన్సు తప్పనిసరి, కొన్ని కౌన్సిళ్లలో ముగ్గురికే కావాలి. ఒప్పందంలో పేరు లేనివాళ్లను ఉంచితే ఇల్లు ఖాళీ చేయాల్సి రావచ్చు. నలుగురుంటే మొదటి మెసేజ్‌లోనే ‘ఫోర్ షేరర్స్’ అని రాయండి.