ఒకే ఇసుక, రెండు ప్రయోజనములు

మా చిన్ననాట పెండ్లి ఊరేగింపులలో పెట్రోమాక్సు దీపములు వెలిగెడివి. ఆ దీపపు మేంటిలునకు తెల్లని కాంతి నిచ్చినది థోరియము. ఇది మోనజైటు అను ఖనిజమున నుండును. మన భీమునిపట్టణపు తీరమునను, తమిళనాట మణవాళకురిచ్చి తీరమునను ఆ ఖనిజము ఇసుకలో కలిసియున్నది.

అణు రియాక్టరులో థోరియమునుండి యురేనియము-233 పుట్టును. చెన్నపట్టణమునకు దక్షిణమున కల్పాక్కములో 1996లో పని ప్రారంభించిన 'కామిని' రియాక్టరునకు ఇదియే ఇంధనము. అణ్వాయుధమునకును ఇది పనికివచ్చును. దీపమునకును, ఆయుధమునకును మూలమొక్కటియే! ఇట్టివానిని ద్వంద్వ ప్రయోజన వస్తువు లందురు.

కావుననే మోనజైటును అణుశక్తి శాఖ అనుమతి లేక ఎగుమతి చేయరాదు. ఇట్టి పదార్థములు, రసాయనములు, సూక్ష్మజీవులు, యంత్రములు, సాంకేతిక జ్ఞానము మున్నగువానికి ప్రభుత్వము 'స్కోమెట్' అను జాబితా నేర్పరచినది. వీనిలో పెక్కింటికి విదేశ వాణిజ్య డైరెక్టరు జనరలు కార్యాలయము లైసెన్సు నిచ్చును. కొనువా రెవరు? దేనికి వాడుదురు? మరియొకరి చేతికి పోవునా? ఇవియే అచ్చట ముఖ్యముగా విచారించు విషయములు.

ఓడలో పోవు పెట్టెకే గాక, ఈ-మెయిలులో పంపు యంత్రపు డ్రాయింగునకును ఈ నియమము వర్తించును. అంతేకాదు, జాబితాలో లేని వస్తువైనను, సామూహిక విధ్వంసక ఆయుధమునకు వాడుదురని తెలిసి పంపుట 2005 నాటి చట్టము ప్రకారము నేరము.

మన విద్యార్థులలో రేపటి ఇంజనీర్లు, వర్తకులు కలరు. సరకు పంపుటకు ముందు అది ఎవరి చేత పడునో విచారించుట వారు మరువరాని పాఠమని మా మనవి.