పులి లెక్కకు వెళ్తారా? ముందు సున్నా వేయడం నేర్చుకోండి

పులిని చూడాలనుకునేవాళ్లకు సఫారీ జీపులున్నాయి. పులుల లెక్కింపుకు వాలంటీరుగా వెళ్లడం వేరే పని. అందులో నడక ఉంటుంది, ఫారాలు నింపడం ఉంటుంది, పులి మాత్రం చాలామందికి కనపడదు. కనపడితే దాని అడుగో, చెట్టు మీద గోటి గీతలో. దానికి సరేననుకుంటేనే మిగతాది చదవండి.

దేశమంతటా నాలుగేళ్లకోసారి జరిగే ఈ లెక్కింపు ఇప్పటి పద్ధతిలో 2006లో మొదలైంది. అంతకుముందు పాదముద్ర మీద గాజుపలక పెట్టి గీసుకుని, అచ్చు పోసి, ఇది ఫలానా పులిదని తేల్చేవారు. రాజస్థాన్‌లోని సరిస్కా అభయారణ్యంలో ఒక్క పులీ మిగల్లేదని 2005లో బయటపడ్డాక ఆ లెక్కల పరువు పోయింది. 2022 అంచనాలో దేశంలో పులులు సగటున 3,682. ఆరో విడత 2026ది. దానికి తెలంగాణ అటవీశాఖ ఆసక్తి ఉన్న మామూలు జనాన్ని కూడా పిలిచింది.

మొదటి పని, పిలుపు కోసం చూడటం. లెక్కింపుకు ఒకట్రెండు నెలల ముందు పత్రికల్లో, అటవీశాఖ వెబ్‌సైట్లలో ప్రకటన వస్తుంది. అమ్రాబాద్, కవ్వాల్, ఆంధ్ర వైపు నాగార్జునసాగర్-శ్రీశైలం... ఈ పులుల అభయారణ్యాల్లో మీకు దగ్గరిదేదో చూసుకుని, ఆ డివిజన్ అటవీ కార్యాలయంలో ముందే అడిగి పెట్టుకున్నా నష్టం లేదు. డబ్బులొస్తాయని మాత్రం వెళ్లకండి.

రెండోది ఒళ్లు. రోజుకు పది పదిహేను కిలోమీటర్లు గుట్టలెక్కి దిగాలి. పార్కు ట్రాక్ మీద నడక దీనికి పనికిరాదు. రాళ్ల దారిలో, సంచి వీపున వేసుకుని నెల రోజులు అలవాటు చేసుకోండి. బట్టలు ఖాకీ, ముదురాకుపచ్చ రంగుల్లో ఉండాలి. తెలుపు, ఎరుపు వద్దు. సెంటు అసలే వద్దు. పాత బూట్లే మేలు, కొత్తవి రెండో రోజుకే కాళ్లు కొరుకుతాయి. పిడుదులు పట్టకుండా ప్యాంటు అంచుల్ని సాక్సుల్లో దోపుకోండి. బస బేస్ క్యాంపులో. జనవరి రాత్రుల్లో నల్లమల చలి గట్టిదే, దుప్పటి మరవొద్దు. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి, ఇంట్లో ముందే చెప్పి రండి.

ఇక అసలు పని. మిమ్మల్ని ఒక బీట్‌కు, అంటే అటవీశాఖ కాపలాకు విడదీసుకున్న చిన్న అడవి ముక్కకు, పంపుతారు. అక్కడ బీట్ ఆఫీసరుంటారు, నల్లమలలో అయితే చెంచు ట్రాకర్ కూడా ఉండొచ్చు. ఆయన ఆగితే మీరూ ఆగాలి. ‘అన్నా, ఇదేంటి?’ అని అడగడానికి మొహమాటపడొద్దు. మన కంటికి ఉత్త దుమ్ము కనిపించే చోట ఆయనకు రాత్రి ఎవరెవరు నడిచారో కనిపిస్తుంది.

మొదటి మూడు రోజులు ఆనవాళ్ల సర్వే. బీట్‌లో పులి, చిరుత తిరిగే అవకాశం ఎక్కువున్న బాటలు, ఎండిన వాగులు ఎంచుకుని, రోజుకు కనీసం 5 కిలోమీటర్లు నడవాలి. పొద్దున్నే నడిస్తే ఏటవాలు ఎండలో ముద్ర గుంట స్పష్టంగా తేలుతుంది. పిల్లిజాతి జంతువులు గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తాయి కాబట్టి వాటి అడుగులో గోటి గుర్తు పడదు. రేచుకుక్క, దుమ్ములగొండి అడుగుల్లో పడుతుంది. చిక్కల్లా పులి కూనకూ ముదురు మగ చిరుతకూ మధ్యే వస్తుంది. అప్పుడు పందెం కాయకుండా, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, అనుమానమని రాయండి. పొద మొదట్లో ఉడుకుతున్న బాస్మతి అన్నం వాసన వస్తే వంట ఎక్కడా అని వెతక్కండి. పులి హద్దు చాటుకోవడానికి చిమ్మే ద్రవంలో ఆ బియ్యంలోని సుగంధ పదార్థమే ఉంటుంది.

ఇదంతా ఎంస్ట్రైప్స్ అనే యాప్‌లో ఎక్కుతుంది. మీరు నడిచిన దారి కూడా అందులో గీతలా పడుతుంది. అయిదు కిలోమీటర్లు నడిచినా ఏమీ దొరక్కపోతే? ఏమీ లేదని రాయాలి. కొత్తవాళ్లకు కష్టమైన పని ఇదే. ఇంతదూరం వచ్చి ఖాళీ ఫారం ఇవ్వడం చిన్నతనమనిపించి, చెరిగిపోయిన గుర్తును పులి చేసేయాలనిపిస్తుంది. పులి లేని చోటు తెలియకపోతే ఉన్న చోటుకు విలువ కట్టలేం. సరిస్కాలో కాగితాల మీద తిరిగిన పులుల సంగతి తెలిసిందే కదా.

తర్వాతి మూడు పొద్దులు ట్రాన్సెక్ట్. అడవికి అడ్డంగా ముందే గీసిన 2 కిలోమీటర్ల సూటి గీత. దాని మీద ఇద్దరు ముగ్గురు, మాట లేకుండా, నెమ్మదిగా నడుస్తారు. దుప్పి, కణితి, మనుబోతు, అడవి పంది, కొండముచ్చు... ఏది కనిపించినా మంద ఎంతో లెక్కపెట్టి, రేంజ్‌ఫైండర్‌తో దూరం, దిక్సూచితో కోణం రాస్తారు. దూరమెందుకంటే, గీత పక్కనున్న దుప్పి మీ కన్ను తప్పించుకోదు, దూరంగా పొదలో ఉన్నది తప్పించుకుంటుంది. దూరం పెరిగేకొద్దీ కనిపించేవి ఎలా తగ్గుతున్నాయో చూసి, కనిపించనివి ఎన్నో అంచనా కడతారు. అందుకే దూరాన్ని ఉజ్జాయింపుగా ‘ఓ యాభై’ అని రాస్తే లెక్కంతా పాడవుతుంది. తిరుగు దారిలో కనిపించిన మందను ఇందులో కలపకూడదు, ఎంత పెద్దదైనా సరే.

అదే గీత మీద ప్రతి 400 మీటర్లకు ఆగి చెట్లు, పొదలు, గడ్డి, పెంటికలు, గొడ్డలి దెబ్బలు, పశువుల జాడ రాసుకోవాలి. విసుగు పుట్టించే పని. చెయ్యాలంతే. కెమెరాలు బిగించి చారలను బట్టి పులుల్ని గుర్తుపట్టే ఘట్టం వేరు, అది సాధారణంగా మీ చేతికి రాదు.

భయం గురించి అడుగుతారు. నల్లమలలో జాగ్రత్తపడాల్సింది పులి కంటే ఎలుగుబంటితోనే. ఎదురుపడితే పరుగెత్తకుండా, గుంపు విడిపోకుండా, దాని మీద చూపు ఉంచి వెనక్కి తగ్గాలి. రాలిన దుప్పి కొమ్మునో ముళ్లపంది ముల్లునో గుర్తుగా సంచిలో వేసుకోవద్దు. అభయారణ్యం నుంచి అలా తేవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పాదముద్ర ఫొటోను ఊరి పేరుతో వాట్సాప్‌లో పెట్టడం వేటగాడికి దారి చెప్పడమే.

తర్వాతి విడతకు ఇంకా నాలుగేళ్లుందా? కన్ను తుప్పు పట్టకుండా పక్షుల లెక్కలో చేరండి. ఏటా జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతుంది. హైదరాబాద్‌లో ఉంటే కేబీఆర్ జాతీయ పార్కులోనే ఆదివారం పొద్దున అరగంట నిలబడి, కనిపించినవన్నీ ఈబర్డ్‌లో ఎక్కించొచ్చు. నెమలి కనపడగానే ఒక్క నెమలే రాసి వచ్చేస్తారు చాలామంది. కాకుల్నీ పావురాల్నీ కూడా లెక్కపెట్టి రాయండి.