వేసవి సెలవుల కబుర్లు – ఇంగ్లీషులో చెప్పుకుందాం



సెలవులు అయిపోయాయి. ట్రంకుపెట్టెలు మళ్ళీ మంచాల కిందకి చేరాయి. బడి తెరిచిన మొదటి వారంలో ఇంగ్లీషు క్లాసులో ఏటేటా వచ్చే ప్రశ్న ఒకటుంది. "వేర్ డిడ్ యు గో ఇన్ ది సమ్మర్ హాలిడేస్?" అంటే వేసవి సెలవుల్లో ఎక్కడికి వెళ్ళావు అని. ఈ ప్రశ్న వినగానే మనలో సగంమంది లేచి నిలబడి తల వంచుకుంటారు. మిగతా సగంమంది గైడులో ఉన్న వ్యాసం అప్పజెప్తారు. ఆ వ్యాసంలో ఊటీ ఉంటుంది, బొటానికల్ గార్డెన్ ఉంటుంది, హోటల్ గది ఉంటుంది. చెప్పినవాడు మాత్రం ఊటీ చూసి ఉండడు.

తల వంచుకున్నవాణ్ణి బయటికొచ్చాక అడిగితే, "మరేటి చెప్పాలి? ఊరెళ్ళాను, వచ్చేసాను, అంతే" అంటాడు. ఈ పాఠం అతని కోసమే. ఊరెళ్ళడం కూడా ప్రయాణమే. ఊళ్ళో చేసిన పని కూడా కబురే. నిజంగా చేసినదాన్ని చెప్తేనే భాష నోటికి పడుతుంది. బట్టీ పట్టిన ఊటీ పరీక్ష అయిన మర్నాడే పోతుంది. మనం కోసిన అడ్డాకులు మాత్రం మనకి గుర్తుంటాయి కదా, వాటితోపాటు మాటలూ గుర్తుంటాయి.

గమనిక: ఈ పేజీలో ఇంగ్లీషు మాటల్ని కూడా తెలుగు అక్షరాల్లోనే రాశాం. ముందు నోరు తిరగాలి, స్పెల్లింగు తర్వాత. చదివాక మీ నోట్సులో ఇంగ్లీషు అక్షరాలతో రాసుకుని మాస్టారికి చూపించండి.

1. మనం ఇంతకుముందే ఒక భాష నేర్చుకున్నాం

ఇంగ్లీషు మనకి కొత్త అని భయపడతాం. కానీ ఒక్కసారి ఆలోచించండి. మనలో కొందరు ఇంట్లో కువి మాట్లాడతారు. కొందరు కొండ భాష, కొందరు సవర, కొందరు ఆదివాసీ ఒడియా. బళ్ళో చేరాకే చాలామందికి తెలుగు వచ్చింది. ఎలా వచ్చింది? వ్యాకరణం చదివి రాలేదు. ఆటల్లో అరుచుకుని, సంతలో బేరమాడి, మెస్సులో "ఇంకొంచెం పప్పు వెయ్యి" అని అడిగి నేర్చుకున్నాం. తప్పులు మాట్లాడుతూనే నేర్చుకున్నాం. పట్నం పిల్లల్లో చాలామందికి ఇంగ్లీషు రెండో భాష. మనలో చాలామందికి మూడోది. అంటే కొత్త భాష నేర్చుకునే పని మనకి ఒకసారి అలవాటైనదే.

ఇంకో సంగతి. కువి, కొండ భాషలు తెలుగుకి తోబుట్టువులు, అన్నీ ద్రావిడ భాషలు. సవర ముండా కుటుంబానిది. ఆదివాసీ ఒడియా మాత్రం హిందీ, బెంగాలీల వరసది. ఆ వరస చాలా వెనక్కి వెళ్తే ఇంగ్లీషుతో కలుస్తుంది. కాబట్టి ఇంట్లో ఒడియా మాట్లాడే తమ్ముడికి ఇంగ్లీషు దూరపు చుట్టమే!

2. అయిపోయిన పని – మారే క్రియ

సెలవులు అయిపోయాయి కాబట్టి సెలవుల కబుర్లన్నీ భూతకాలంలోనే చెప్పాలి. అందుకే భూతకాలం నేర్చుకోడానికి ఇంతకన్నా మంచి విషయం లేదు. ఈ పది మాటలు వస్తే సెలవుల కథ సగం చెప్పేయొచ్చు.

గో – వెంట్ : వెళ్ళాను
కమ్ – కేమ్ : వచ్చాను
సీ – సా : చూశాను
ఈట్ – ఏట్ : తిన్నాను
డ్రింక్ – డ్రాంక్ : తాగాను
బ్రింగ్ – బ్రాట్ : తెచ్చాను
సెల్ – సోల్డ్ : అమ్మాను
బై – బాట్ : కొన్నాను
స్లీప్ – స్లెప్ట్ : పడుకున్నాను
టేక్ – టుక్ : తీసుకున్నాను

తెలుగులో వెళ్ళాను, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళాం అని మనిషిని బట్టి మారుతుంది. ఇంగ్లీషులో ఆ బాధ లేదు. ఐ వెంట్, హి వెంట్, షి వెంట్, వి వెంట్. ఎవరు వెళ్ళినా వెంట్ ఒక్కటే. ఇందులో తెలుగే కష్టం, అది మనకి వచ్చేసింది!

ఒక జాగ్రత్త. ప్రశ్నలో డిడ్ వచ్చిందంటే పక్కన వెంట్ రాకూడదు. "డిడ్ యు వెంట్" తప్పు. "డిడ్ యు గో" ఒప్పు. భూతకాలం బరువంతా డిడ్ మోసేసింది, గోకి మోసే పని లేదు. లేదు అని చెప్పేటప్పుడూ అంతే. "ఐ డిడ్ నాట్ గో."

3. చివర ఎడ్ ఉన్న మాటలు పలకడం

నడిచాను అనడానికి మనం "వాకెడ్" అంటాం. అది తప్పు. ఎడ్‌కి మూడు పలుకులు ఉన్నాయి.

క, ప, స, ష, చ, ఫ శబ్దాల తర్వాత ట్ : వాక్ట్ – నడిచాను, పిక్ట్ – కోశాను, వాష్ట్ – ఉతికాను.
ట, డ శబ్దాల తర్వాత ఇడ్ : కలెక్టిడ్ – ఏరాను, వాంటిడ్ – కావాలనుకున్నాను.
మిగతా వాటి తర్వాత డ్ : ప్లేయ్డ్ – ఆడాను, క్లైమ్డ్ – ఎక్కాను, క్యారీడ్ – మోశాను.

రోజూ పళ్ళు తోముకునేటప్పుడు ఈ ఎనిమిది మాటలూ ఒక్కసారి అనుకుంటే చాలు. వారంలో నాలిక దారికొస్తుంది.

4. ప్రయాణం మాటలు

బస్సులో – బై బస్. రైల్లో – బై ట్రెయిన్. ఆటోలో – బై ఆటో. కానీ నడిచి వెళ్తే "బై వాక్" అనకూడదు. "ఆన్ ఫుట్" అనాలి, లేదా సూటిగా "ఐ వాక్ట్" అనాలి.

ఇంటికి వెళ్ళాను – "ఐ వెంట్ హోమ్." మధ్యలో టు రాదు. ఇంటికి చేరాను – "ఐ రీచ్ట్ హోమ్." ఇక్కడా టు రాదు. మా ఊరు వెళ్ళాను – "ఐ వెంట్ టు మై విలేజ్." ఇక్కడ టు ఉండాలి.

ఘాట్ రోడ్డు మీద చాలామందికి వాంతులవుతాయి. "ఐ ఫెల్ట్ సిక్ ఆన్ ది ఘాట్ రోడ్" అనండి. ఘాట్ మన దేశపు మాటే, ఇంగ్లీషువాళ్ళు తీసుకున్నారు. కొత్తవలస – కిరండూల్ రైలు మార్గంలో 50కి పైగా సొరంగాలున్నాయి. సొరంగం అంటే టనెల్. "ది ట్రెయిన్ వెంట్ త్రూ మెనీ టనెల్స్" అంటే రైలు చాలా సొరంగాల గుండా వెళ్ళింది అని. బొర్రా గుహలు చూసినవాళ్ళు "ఐ సా ది బొర్రా కేవ్స్" అనొచ్చు.

ఏ జిల్లా అని అడిగితే ఇలా చెప్పండి. "మై ఫాదర్ స్టడీడ్ ఇన్ విశాఖపట్నం డిస్ట్రిక్ట్. ఐ స్టడీ ఇన్ అల్లూరి సీతారామరాజు డిస్ట్రిక్ట్." నాన్న ఊరు మారలేదు, మనమూ మారలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లా మారింది. స్టడీడ్, స్టడీ అనే రెండు మాటల్లో తేడా కూడా దీంతో తెలిసిపోతుంది.

మరొకటి. సంతని మన ఆఫీసు కాగితాల్లో షాండీ అని రాస్తారు. అది సంత అనే మాట నుంచే పుట్టింది. మన దగ్గర చెల్లుతుంది. కానీ ఇంగ్లండులో షాండీ అంటే బీరులో నిమ్మ సోడా కలిపిన పానీయం! "మా అమ్మ షాండీకి వెళ్ళింది" అంటే అక్కడివాళ్ళు కంగారు పడతారు. బయటివాళ్ళతో "వీక్లీ మార్కెట్" అనండి.

5. మన మాటకి ఇంగ్లీషు మాట దొరకనప్పుడు

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అంబలిని ఏమంటారు? థింసాని ఏమంటారు? ఆగనక్కర్లేదు. మన మాటనే ఉంచి, పక్కన ఒక వాక్యం చేర్చాలి. దానికి తాళంచెవి లాంటి మాట "ఇట్ ఈజ్ ఎ కైండ్ ఆఫ్." అంటే ఒక రకమైన అని.

"ఐ డ్రాంక్ అంబలి. ఇట్ ఈజ్ ఎ కైండ్ ఆఫ్ పారిడ్జ్." – అంబలి తాగాను. అది ఒక రకం జావ.
"వి డాన్స్ట్ థింసా. ఇట్ ఈజ్ ఎ కైండ్ ఆఫ్ గ్రూప్ డ్యాన్స్." – థింసా ఆడాం. అది గుంపుగా ఆడే నృత్యం.
"ఐ పిక్ట్ అడ్డా లీవ్స్. వి మేక్ ప్లేట్స్ విత్ దెమ్." – అడ్డాకులు కోశాను. వాటితో విస్తళ్ళు కుడతాం.

ఇలా చేస్తే ఇంగ్లీషు చెడిపోతుందేమో అనుకోకండి. ఇంగ్లీషు పెరిగిందే ఇలా. మ్యాంగో అనే మాట మన దక్షిణాది భాషల నుంచి పోర్చుగీసువాళ్ళ ద్వారా వెళ్ళింది. పనసని జాక్‌ఫ్రూట్ అంటారు, అందులో జాక్ అనేది మలయాళం చక్క. టేకు కూడా ఇటునుంచే వెళ్ళింది. బ్యాండికూట్ అయితే అచ్చంగా మన తెలుగు పందికొక్కే! పందికొక్కుకి చోటిచ్చిన భాష అంబలికి ఇవ్వదా?

6. సంభాషణ

ఇద్దరు నిలబడి పైకి చదవండి. తర్వాత మీ సొంత జవాబులు పెట్టండి.

అన్న: వేర్ డిడ్ యు గో? – ఎక్కడికి వెళ్ళావురా?
తమ్ముడు: ఐ వెంట్ హోమ్, అన్నా. – ఇంటికెళ్ళాను అన్నా.
అన్న: హౌ డిడ్ యు గో? – ఎలా వెళ్ళావు?
తమ్ముడు: బై బస్ టు పాడేరు. దెన్ బై జీప్. దెన్ ఐ వాక్ట్. – పాడేరు దాకా బస్సు. తర్వాత జీపు. తర్వాత నడిచాను.
అన్న: హౌ లాంగ్ డిడ్ ఇట్ టేక్? – ఎంతసేపు పట్టింది?
తమ్ముడు: ఇట్ టుక్ ఫైవ్ అవర్స్. – ఐదు గంటలు పట్టింది.
అన్న: వాట్ డిడ్ యు డు దేర్? – అక్కడ ఏం చేశావు?
తమ్ముడు: ఐ కలెక్టిడ్ టామరిండ్ విత్ మై మదర్. వి సోల్డ్ ఇట్ ఎట్ ది వీక్లీ మార్కెట్. – అమ్మతో చింతపండు ఏరాను. సంతలో అమ్మాం.
అన్న: వాట్ డిడ్ యు బై? – ఏం కొన్నావు?
తమ్ముడు: ఐ బాట్ స్లిప్పర్స్ ఫర్ మై సిస్టర్. – చెల్లికి చెప్పులు కొన్నాను.
అన్న: డిడ్ యు సీ ది మోదకొండమ్మ జాతర ఇన్ మే? – మే నెలలో మోదకొండమ్మ జాతర చూశావా?
తమ్ముడు: యెస్, ఐ సా ఇట్. ఐ స్లెప్ట్ ఆన్ మై ఫాదర్స్ షోల్డర్. – చూశాను. నాన్న భుజం మీద నిద్రపోయాను.

సెలవుల కబుర్లన్నీ సరదావే ఉండాలని లేదు. ఒకరి సెలవుల్లో డోలీ ఉంటుంది. "వి క్యారీడ్ మై ఆంట్ ఇన్ ఎ డోలీ. వి వాక్ట్ టు ది రోడ్. ది బేబీ ఈజ్ ఫైన్." – పిన్నిని డోలీలో మోశాం. రోడ్డు దాకా నడిచాం. పాప బాగుంది. మూడే మూడు చిన్న వాక్యాలు. గైడులో ఏ ఊటీ వ్యాసానికీ ఇంత విలువ లేదు. రేపు ఆస్పత్రిలో తెలుగు రాని డాక్టరుతో, ఇంటర్వ్యూలో ఆఫీసరుతో, మన అరకు చూడ్డానికి వచ్చిన టూరిస్టుతో మాట్లాడాల్సి వస్తే అక్కరకొచ్చేవి ఇలాంటి వాక్యాలే. మన సంగతి మనమే చెప్పుకోగలగాలి. మనం చెప్పకపోతే ఇంకెవరో వచ్చి మన గురించి వాళ్ళకి తోచింది చెప్తారు.

7. ఎలా అలవాటు చేసుకోవాలి

ఒకటి: మెస్సు లైనులో పళ్ళెం పట్టుకుని నిలబడే సమయం ఊరికే పోతోంది. ముందున్నవాణ్ణి ఒక ప్రశ్న అడగండి, వెనకవాడికి ఒక జవాబు చెప్పండి. రోజుకి ఆరు వాక్యాలు అవుతాయి.

రెండు: రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఐదుగురు కలిసి కూర్చోండి. ఒకడు మూడు వాక్యాలు చెప్పాలి, రెండు నిజం, ఒకటి అబద్ధం. మిగతావాళ్ళు "డిడ్ యు" అని ప్రశ్నలు వేసి అబద్ధం పట్టుకోవాలి.

మూడు, అన్నిటికన్నా ముఖ్యం: ఎవరూ నవ్వకూడదు. ఒక్కసారి నవ్వితే ఆరో తరగతి తమ్ముడు పదో తరగతి దాకా నోరు మెదపడు. తప్పు దొర్లితే సరైన వాక్యం మెల్లగా మనం అనాలి, వాడు మళ్ళీ అంటాడు. అంతే.

వార్డెన్ గారికి మనవి: వారానికి ఒక్కరోజు ప్రార్థన అయ్యాక రెండు నిమిషాలు ఒక విద్యార్థికి ఇప్పించండి. తరగతి ఏదైనా ఫరవాలేదు. తన సెలవుల గురించి ఐదు వాక్యాలు చెప్తాడు. పేపరు చూడకుండా చెప్పాలి, తప్పులుంటే ఉండనివ్వాలి.

అభ్యాసం

ఈ కింది ప్రశ్నలకి మీ నిజమైన జవాబులు రాసి, ఈ గోడ పక్కన వేలాడదీసిన అట్టపెట్టెలో వెయ్యండి. బాగున్నవి వచ్చే సంచికలో అతికిస్తాం.

అ) హూ డిడ్ యు గో విత్? – ఎవరితో వెళ్ళావు?
ఆ) వాట్ డిడ్ యు ఈట్ ఆన్ ది వే? – దారిలో ఏం తిన్నావు?
ఇ) వాట్ వర్క్ డిడ్ యు డు? – ఏం పని చేశావు?
ఈ) వాట్ మేడ్ యు లాఫ్? – నీకు నవ్వు తెప్పించింది ఏమిటి?
ఉ) వాట్ డిడ్ యు బ్రింగ్ బ్యాక్? – తిరిగి వచ్చేటప్పుడు ఏం తెచ్చావు?

చివరి ప్రశ్నకి పనస తొనలు అని రాసినవాళ్ళు, మిగిలి ఉంటే వాటిని కూడా సంపాదకవర్గానికి అందజేయగలరు!