గొలుసుకట్టిన కుక్కయు నడవిబాటయు

మన సిద్దిపేట నానాఁటికి విస్తరించుచున్నది. నిన్న బీడుగా నున్న నేలయందు నేఁడిండ్లు లేచినవి. ఆ యిండ్లవారు కొందఱు పెంపుడుకుక్కలను ద్రిప్పుటకుఁ గోమటిచెఱువు గట్టునకును, మఱికొందఱు ఊరివెలుపలి యడవిబాటలకును గొనిపోవుదురు. గొలుసు చేతనుండఁగా దోషమేమి యని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్ననే మేమిట విచారింతుము.

గొలుసు మేలే. నెమలి పొదలమాటున నేలపైననే గ్రుడ్లు పెట్టును. కౌజు, పూరేడు, తీతువు మున్నగునవియు నట్టివే. విడిచిన కుక్క వాసనపట్టి యా పొదలోనికి దూఱును. ఎండుటాకులలోఁ బండుకొన్న రక్తపింజరమీఁదను మొదట వ్రాలునది దాని ముక్కే. కావున బారెడు గొలుసు కుక్కకును రక్షయే.

అయినను గొలుసొక్కటియే చాలునా? చాలదని యాస్ట్రేలియాలోని సిడ్నీ నగరపు శివారు వనములలో జరిగిన పరిశోధన తెలుపుచున్నది. 2007వ సంవత్సరమునఁ బ్రకటింపఁబడిన యా పరిశోధనలోఁ గొన్ని బాటలవెంటఁ గొలుసుకట్టిన కుక్కలను నడిపించిరి, కొన్నిటియందు మనుష్యులే నడచిరి, కొన్నిటిని నూరకుంచిరి. ఎవరును నడువని బాటలతోఁ బోల్పఁగాఁ గుక్క నడచినచోటఁ బక్షిజాతులు నూటికి 35 వంతులును, పక్షుల సంఖ్య 41 వంతులును దగ్గెను. మనుష్యులే నడచినచోట నష్టము అందులో సగమైనను లేదు. కుక్కలు నిత్యము తిరుగు బాటలలోని పక్షులకు సైతము వానియెడ భయము తీఱలేదఁట! గొలుసు మనకుఁ దెలియును గాని పక్షికిఁ దెలియునా? దానికిఁ గనఁబడునది మాంసభక్షకమైన జంతువే.

రోగభయ మంతకంటె గొప్పది. కుక్కలకు వచ్చు డిస్టెంపరను వ్యాధివలన 1994లో ఆఫ్రికాఖండమందలి సెరెంగెటిలో సింహములలో నించుమించు మూఁడవవంతు నశించెను. 2018లో మన గుజరాతు గిర్ అడవిలోఁ గొన్ని వారములలో నిరువదికిఁ బైగా సింహములు చచ్చెను. వానిలోఁ గొన్నిటియందు నీ వ్యాధిబీజమే కనఁబడెను. టీకా వేయింపని కుక్కను గొలుసుతో నడిపించినను వ్యాధి గొలుసునకు లోఁబడదు.

"వీథికుక్కలు విచ్చలవిడిగాఁ దిరుగుచుండఁగా మా కుక్కయే బరువా?" యని తండ్రులు కొంద ఱనవచ్చును. వీథికుక్క గొలుసు మనచేత లేదు. మన కుక్కది మనచేతనే యున్నది.

పోచారము వంటి యభయారణ్యములయందు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే సామాన్యముగా మనుష్యునికే యనుమతి లేనిదే ప్రవేశము లేదు. 1998లో జాతీయోద్యానముగాఁ బ్రకటింపఁబడిన హైదరాబాదులోని కాసు బ్రహ్మానందరెడ్డి వనము చుట్టును ఇండ్లే యైనను, లోపల నెమళ్లు నివసించుచున్నవి. ఇట్టిచోట్లకుఁ గుక్కను గొనిపోరాదని మా యభిప్రాయము. చట్టపుఁగట్టడి లేని శివారు పొదలయందును, పక్షులు గ్రుడ్లుపెట్టు వానకాలమున, దానిని నడిపింపకుండుటయే మేలు.

కుక్కకు వలసినది నడకయే కాని యడవి గాదు. జనము పలుచగానున్న వేకువవేళ ఊరిబాటలలోఁ ద్రిప్పుఁడు. చేత నొక పాతకాగిత ముంచుకొని, అది విసర్జించినదాని నెత్తి చెత్తకుండీలో వేయుఁడు. పిచ్చికుక్క రోగమునకును, డిస్టెంపరునకును బశువైద్యశాలలో టీకాలు వేయించి, ఆ తేదీలను బిల్లల పుస్తకములలోనే వ్రాయింపుఁడు. పెద్దలు మఱచినను వారు మఱవరు.